మాస్కు మీద కాఫీ

ఆగస్టు 6, బుధవారం

ఈ రోజు నన్ను ఫ్యాక్టరీ నుంచి పంపించేశారు. కారణం, సెంటు.

ఇంకోసారి రాసుకుంటున్నాను, నాకే నమ్మకం కుదరడం లేదు గనక. సెంటు.

కొల్హార్‌లో ఆ మందుల ఫ్యాక్టరీకి నాలుగేళ్లుగా వెళ్తున్నాను. పొడి ఆరబెట్టే హాల్లో తూకం బల్ల దగ్గర నిలబడీ నిలబడీ మడమలు పగిలాయి. ఒక్కరోజు ఆలస్యంగా పోలేదు. సోమవారం మధ్యాహ్నం పావు తక్కువ నాలుగుకి, నాతో పనిచేసే భాగ్యజ్యోతి డ్రయ్యర్ ముందు కుప్పకూలితే ఆమె తల నా ఒళ్లోనే పెట్టుకున్నాను. పెదవులు నల్లబడ్డాయి. మాస్కు లాగేసి చెంపలు తట్టింది నేనే. కంపెనీ వ్యానులో దవాఖానకు తీసుకుపోయారు. నిన్నంతా హాల్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున సూపర్‌వైజర్ నవనాథ్ గేటు దగ్గరే కాగితం చేతిలో పెట్టాడు. పైన కన్నడం, కింద ఇంగ్లీషు. ఘాటైన సుగంధం పూసుకొచ్చి తోటి కార్మికురాలికి ఊపిరాడకుండా చేశానట. విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. వారంలో జవాబు ఇవ్వాలట.

"సార్, ఆ హాల్ల ఎన్ని దినాల సంది మందు వాసనొస్తాందో మీకెర్క లేదా?" అన్నాను.

"గేటు కాడ లొల్లి వద్దు షెకినమ్మా. ఏమున్నా జవాబుల రాయి."

ఘాటైన సుగంధమట! అది కాఫీ సెంటు. కాఫీ, పాకం, పాలు. పిల్లల పుట్టినరోజు కేకు వాసన. దానికి మనిషి పడిపోతుందా? ముప్ఫై ఒకటో పుట్టినరోజుకు నాకు నేను తెప్పించుకున్నది. ఇంట్లో ఎవరూ తెచ్చి ఇవ్వరు గనక నేనే తెప్పించుకున్నాను.

రెండే రెండు సార్లు కొట్టుకున్నాను. ఉదయం ఎనిమిదికి. మెడ మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి.

అమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "సెంటు కొట్టుకుంటె నౌకరీ తీస్తరా? ఎక్కడి ఇన్సాఫ్ ఇది?" అంది. వెంటనే, "నేను జెప్పలేదా, గా తియ్యటి వాసన నీకెందుకని?" అంది. రెండు మాటలూ ఒకే ఊపిరిలో. కంచం పక్కకు తోసేసి లేచాను.

ఈ పుస్తకం తెలుగులోనే రాస్తాను. బడిలో నేర్పినది కన్నడం. ఈ అక్షరాలు అమ్మ బైబిల్ ముందు పెట్టి నేర్పింది. నవనాథ్‌కు తెలుగు చదవడం రాదు. అది చాలు.

ఆగస్టు 7, గురువారం

వాళ్లకు రుజువులు కావాలి కదా. ఇస్తాను.

సరిగ్గా ఎనిమిదికి రెండు సార్లు కొట్టుకున్నాను, అదే మెడ, అదే మణికట్టు. గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

కొట్టగానే స్పిరిట్ ముక్కులో గుచ్చుతుంది. అది ఆరేలోపే కాఫీ. తాగే కాఫీ కాదు, పెనం మీద గింజలు నల్లబడుతున్నప్పటి వాసన. చేదు, కొంచెం పొగ. ఈ చేదు కోసమే నేను దీన్ని ఎంచుకున్నాను. మల్లె, గులాబీ, చందనం ఎవరైనా పూసుకుంటారు. ఎనిమిదింపావుకి చేదు కింద నుంచి పాకం పైకి వచ్చింది. ఎర్రబడి, ఇంకొక్క నిమిషం పొయ్యి మీద ఉంటే మాడిపోతుంది అన్నంత దగ్గరి పాకం. తొమ్మిదికి పాలు, వనిల్లా. బేకరీ తలుపు తెరిచినట్టు. అమ్మ వంటింట్లోంచి "ఏం వండుతున్నవే ఆడ?" అని అరిచింది. పదిన్నరకి జానెడు దూరం దాకానే తెలుస్తోంది. వాన మొదలైంది, గాలి బరువెక్కింది, వాసన మెడను వదలకుండా ఉంది; తీపి మాత్రం పలచబడుతోంది. పన్నెండుకు మణికట్టు ముక్కుకు ఆనిస్తే గానీ తెలియలేదు, పాలపొడి డబ్బా అడుగు వాసన. ఒంటి గంటకు పాత చెక్కపెట్టె వాసనలాంటిది కొంచెం. ఒంటిన్నరకు నా చర్మం తప్ప ఏమీ లేదు. అమ్మను పిలిచి వాసన చూడమన్నాను.

"ఏం లేదు. చెమట వాసన," అంది.

భాగ్య పడింది పావు తక్కువ నాలుగుకి. అంతసేపు ఎక్కడుంది నా సెంటు? నేను వేసిన ప్రశ్నకు వాళ్లెవరైనా జవాబు చెప్పాలి!

దుపట్టా అంచుకు తగిలింది మాత్రం సాయంత్రం కూడా ఉంది. అది వేరే సంగతి. ఒళ్లు వేరు, బట్ట వేరు.

ఆగస్టు 8, శుక్రవారం

భాగ్య ఫోను ఎత్తడం లేదు. ఏడు సార్లు చేశాను.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో అందరికీ తెలిసిపోయింది. ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునే హెలెన్ బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది. ఈ రోజు ఏమీ కొట్టుకోలేదు నేను. లేని వాసనకు ముక్కు పట్టుకునేవాళ్లను ఏమనాలి? కీర్తన పాడుతున్నంతసేపూ నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ప్రార్థన అయ్యాక జయానందం మామ పిలిచాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా చేసి రిటైరైన మనిషి, మా వాళ్ల కాగితాలన్నీ ఆయనే రాస్తాడు. చర్చి వరండాలో కళ్లద్దాలు పెట్టుకుని నోటీసు రెండు సార్లు చదివాడు. నేను గురువారం రాసిన గంటలన్నీ చూపించాను. మెచ్చుకున్నాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఒంటిన్నరకే పోయిందంటున్నవ్. కని ఒక్కటి చెప్పు. ఆ పిల్ల మాస్కు పెట్టుకునున్నది గద?"

"పెట్టుకునే ఉంది మామా."

"మరి మాస్కు ఉండంగ నీ సెంటు ఆమె ముక్కుకెట్ల తగిలిందని వాళ్లంటున్నరు?"

"అదే కదా మామా నేననేది! తగల్లేదనే కదా!"

ఎందుకో అరిచాను. వరండాలో నలుగురు తిరిగి చూశారు. ఆయన నోటీసు మడిచి నా చేతికిచ్చాడు. ముసలాయన, పోలీసులా అడుగుతాడు. సాయం చేస్తానని పిలిచి ఈ ప్రశ్నలేమిటి?

రెండు సార్లు. ఉదయం ఎనిమిదికి. ఎన్ని సార్లు చెప్పాలి!

ఆగస్టు 12, మంగళవారం

జవాబు ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. లోపలికి రానివ్వలేదు. సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి నవనాథ్‌ను పిలిచారు. ఆయన ఒక్కడే రాలేదు, మేనేజరు కూడా వచ్చాడు. మేనేజరు హైదరాబాదు మనిషి, మాతో ఎప్పుడూ మాట్లాడడు; గోడతో మాట్లాడతాడు.

నా కాగితం ఆయన చదవలేదు. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కన్నడంలో టైపు చేసిన నాలుగు వాక్యాలు. షెకినా పూసుకొచ్చిన సెంటు వాసనకు నాకు తల తిరిగి పడిపోయాను, హాల్లో వేరే ఏ వాసనా లేదు. కింద సంతకం. భాగ్యజ్యోతి. ఆ చివరి అక్షరం తోకను పొడుగ్గా లాగడం ఆమె అలవాటు. దొంగ సంతకం కాదు.

నాలుగేళ్లు ఒకే డబ్బాలో తిన్నాం. మన్నళ్ళి నుంచి ఆమె ఆటో ఆలస్యమైతే ఆమె ట్రేలు కూడా నేనే తూచేదాన్ని. ఆమె మొగుడు శ్రీశైల్ అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. పైపులు, బోల్టులు అతని పని. వాళ్లిద్దరూ గొడవపడ్డప్పుడల్లా నడుమ నిలబడింది నేను. హాల్లో వేరే వాసన లేదట! ఏ చేత్తో పెట్టావే ఆ సంతకం?

"ఇదంతా అబద్ధం సార్. వాసన నాలుగో రియాక్టర్ కాడి నుంచి వస్తాంది. పొద్దున పూసుకున్నది మధ్యాహ్నం దాక ఉండది," అన్నాను.

నవనాథ్ నా వైపు చూడకుండా అల్మారా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల తెల్ల బట్ట మాస్కు. తాడు దగ్గర భాగ్య ఎర్ర దారంతో కుట్టుకున్న గుర్తు ఉంది, మాస్కులు తారుమారు కాకుండా కుట్టుకున్నది.

"ఆ దినం నేలకెల్లి ఏరి పెట్టిన. చూస్తవా షెకినమ్మా?"

కవరు జిప్పు తీశాడు. తీయగానే గదంతా కాఫీ. ఎనిమిది రోజుల తర్వాత. పాకం, పాలు, అన్నీ, ఇప్పుడే కొట్టినట్టు. సెక్యూరిటీ అతను కూడా తల ఎత్తాడు.

"ఇది ఆమె మాస్కుకు ఎట్లొచ్చింది?" అని మేనేజరు గోడను అడిగాడు.

లేచి వచ్చేశాను. ఆటో దొరకలేదు. చౌరస్తా దాకా వానలో నడిచాను.

నేనే ఆమె మాస్కు లాగాను కదా, అప్పుడు నా మణికట్టు నుంచి అంటి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

ఆగస్టు 13, బుధవారం

మణికట్టు మీద అప్పటికి ఏమీ లేదు. ఆ సంగతి నేనే రాశాను. నా చేత్తోనే.

ఈ రోజు ఇంకేమీ రాయను.

ఆగస్టు 14, గురువారం

రాస్తాను. ఇక్కడైనా రాయకపోతే ఎక్కడ రాస్తాను.

వాసన జులై మొదటి వారంలో మొదలైంది. గోళ్లరంగు తుడిచే మందు వాసనలా తియ్యగా, ముక్కు లోపల గోకినట్టు. మందు ఉడికించే నాలుగో రియాక్టర్ కింద పైపు జాయింటు నుంచి వస్తోందని హాల్లో అందరికీ తెలుసు. నవనాథ్‌కు రెండు సార్లు చెప్పాను. "వానకాలం గద, గాలి బయటికి పోతలేదు. లైను ఆపితే పైనోళ్లకు ఏం జవాబియ్యాలె?" అన్నాడు. గాలి వడకట్టే గుండ్రటి డబ్బాలున్న రబ్బరు మాస్కులు అడిగాను. కొత్త బట్ట మాస్కులు పంచాడు. భాగ్యకు తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నం తిన్నది రెండుసార్లు కక్కుకుంది.

తొమ్మిదిన నా సెంటు వచ్చింది. పదో తారీఖున ఫ్యాక్టరీకి సంచిలో తెచ్చాను. తిన్న తర్వాత నా మాస్కు మీద ఒకసారి కొట్టుకున్నాను. మందు వాసన పోయింది! భాగ్య అడిగితే ఆమె మాస్కు మీదా కొట్టాను.

అడగలేదు. నేనే కొట్టాను. "ఇటు తే" అని ఆమె చేతిలోంచి లాక్కుని కొట్టాను.

అప్పటి నుంచి రోజూ. పొద్దున ఒంటి మీద రెండు, తిన్నాక మాస్కుల మీద రెండేసి. మాస్కు మీద అది ఒంటి మీదలా ఉండదు. ఊపిరి తడికి చేదు ముందే చచ్చిపోతుంది, పాలు పులిసినట్టు అవుతాయి, పాకం మాత్రం గొంతులో దిగి కూర్చుంటుంది. రెండు రోజులైనా పోదు. కానీ దాని కింద ఏమున్నా తెలియదు. "దినమంత కాఫీ తాగుకుంట పనిజేసినట్టున్నదక్కా," అని భాగ్య నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లైను ఆగలేదు, నవనాథ్‌తో గొడవ లేదు. అందరూ బాగున్నారు.

నాలుగో తారీఖు సోమవారం వాసన రోజూ కన్నా ఎక్కువగా ఉంది. భాగ్య మాస్కు మీద నాలుగు సార్లు కొట్టాను. ఐదు కూడా కావచ్చు. నా మాస్కు మీద కొట్టేసరికి సీసాలో సెంటు తగ్గి గొట్టం గాలి పీల్చింది, సరిగా పడలేదు. అదేమీ పట్టించుకోలేదు. మూడున్నరకి ఆమె కింది ట్రేలు గోకడానికి డ్రయ్యర్ అడుగుకు వంగింది. ఆ మందు గాలి బరువైనది, నేలనంటి ఉంటుంది, మాకు ట్రైనింగులో చెప్పారు. వంగినప్పుడు ఆమె తల తిప్పి, "ఇయ్యాల మంచిగైనట్టున్నదక్కా. ఏం వాసనొస్తలేదు," అంది.

నాకు వస్తోంది.

కళ్లు మండేంత వస్తోంది. నోరు తెరిస్తే ఇద్దరం బయటికి పరుగెత్తాలి, లైను ఆపాలి, మళ్లీ నవనాథ్, మళ్లీ ఆ మాటలు. ఇంకో గంటన్నర అయితే ఇంటికి పోతాం కదా అనుకున్నాను. "ఆఁ" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను. పావుగంట తర్వాత ఆమె పడిపోయింది.

వారం నుంచి ఎవరి మీద పళ్లు నూరుతున్నాను నేను?

వాళ్ల మీద కూడా. వాళ్ల మీద కోపం తప్పు కాదు. అది ఒక్క పిసరు కూడా తగ్గలేదు. కానీ ఇప్పుడు రెండు అయ్యాయి.

ఆగస్టు 16, శనివారం

మన్నళ్ళి వెళ్లాను. బస్సు దిగి వాళ్ల ఇంటికి నడుస్తుంటే దగ్గు వాకిట్లోకి వినిపించింది. పొడి దగ్గు, గీరుతున్నట్టు.

భాగ్య అత్త రాచమ్మ గుమ్మంలోనే నిలబడింది. "ఏం ముఖం పెట్టుకొనొచ్చినవే? మా పిల్లకు విషం బెట్టి మళ్ల చూడనీకొచ్చినవా?"

"రానియ్ అత్తా," అని లోపల్నుంచి భాగ్య అంది.

మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పన్నెండు రోజుల్లో మెడ ఎముకలు బయటపడ్డాయి. నేను అన్నీ మరిచి మొదట అడిగింది అదే, నాకు సిగ్గుగా ఉంది రాయడానికి.

"ఎందుకు సంతకం పెట్టినవ్ భాగ్యా?"

"ఎందుకు పెడ్తరక్కా? ఆక్సిజన్ పెట్టుకొనున్నప్పుడు మేనేజరొచ్చి మంచం కాడ కూసున్నడు. మీ ఆయన కాంట్రాక్టు ఈ నెలతోటి అయిపోతది, మళ్ల రాయాల్నా వద్దా అని అడిగిండు. నేనేం జెయ్యాలె?" దగ్గు వచ్చి ఆగింది. "మాస్కు మీద ఎవరు కొట్టిన్రని మూడు సార్లు అడిగిన్రు. నేను చెప్పలే. బట్టలకెల్లి అంటిందేమో అన్న. నీ పేరు ఆడ రాకుండ ఆపిన. ఎర్కేనా నీకు?"

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆమె నన్ను క్షమించేదే. టీ పెట్టమని అత్తకు చెప్పేది. నేను ఆగలేదు.

"ఆ దినం నాకు వాసనొచ్చింది," అన్నాను.

"ఏ వాసన?"

"మందు వాసన. మస్తుగ. నువ్వు మంచిగైంది అన్నప్పుడు నాకు వస్తనే ఉండె. నేను చెప్పలే."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన క్షణం నాకు కనిపించింది. గొంతు పెంచే ఊపిరి ఆమెకు లేదు, అందుకే చాలా మెల్లగా అంది.

"నా తల డ్రయ్యర్ల ఉండె."

"అవును."

"నువ్వు నిలబడి చూస్తున్నవ్."

"అవును."

"లే. పో ఇంటికి."

నా వెనకే రాచమ్మ తలుపు వేసుకుంది.

ఆగస్టు 18, సోమవారం

ఫ్యాక్టరీలను తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకు అర్జీ రాశాను, కన్నడంలో, ఐదు పేజీలు. జులై మొదటి వారం నుంచి మొదలుపెట్టి అన్నీ. ఎవరికి ఏ రోజు చెప్పాను, ఏమన్నారు, ఏ మాస్కులు ఇచ్చారు. సెంటు సంగతి కూడా. ఐదు సార్లు కొట్టిన సంగతి, "ఆఁ" అన్న సంగతి.

జయానందం మామ చదివి, సెంటు సంగతి ఉన్న నాలుగో పేజీ విడిగా తీశాడు. "గిది తీసెయ్ బిడ్డా. మిగిలింది చాలు. గిది పెడితే వాళ్లు మిగతా నాలుగు పేజీలు చదవరు, నిన్నే పట్టుకుంటరు."

"అది తీస్తే నాది గూడ వాళ్ల కాగితంలాంటిదే అయితది మామా."

"నీ నౌకరీ పోతది."

"పోనీ!" అన్నాను. మళ్లీ అరిచాను. ఈసారి ఆయన నవ్వాడు. పేజీ తిరిగి లోపల పెట్టి పిన్ను కొట్టాడు.

ఆగస్టు 22, శుక్రవారం

అర్జీ నకలు కంపెనీకి చేరినట్టుంది, మేనేజరు స్వయంగా ఫోను చేశాడు. గోడ లేకపోయేసరికి నాతోనే మాట్లాడాల్సి వచ్చింది. అర్జీ ఆవేశంలో రాశానని ఒక్క ముక్క రాసిస్తే సోమవారం నుంచి డ్యూటీకి రావచ్చట. లేకపోతే నాలుగో పేజీ చాలట, పోలీసు కేసు పెట్టడానికి.

"పెట్టండి. నాలుగో పేజీ చదివేటోళ్లు మూడోది గూడ చదువుతరు," అన్నాను.

ఫోను పెట్టాక అమ్మ పక్కన కూర్చుని నా వేళ్లు పట్టుకుంది. సెంటు గురించి ఏమీ అనలేదు, మొదటిసారి.

ఆగస్టు 29, శుక్రవారం

ఇన్‌స్పెక్టర్ వచ్చింది. విద్య అని పేరు, నా వయసే ఉంటుంది. నన్నూ పిలిపించింది.

హాల్లోకి అడుగు పెట్టగానే చూశాను, నాలుగో రియాక్టర్ కింద జాయింటుకు కొత్త బోల్టులు, కొత్త నీలం రంగు. నేల కడిగి ఫినాయిల్ చల్లారు. గుమ్మం దగ్గర కొక్కేలకు వరసగా రబ్బరు మాస్కులు, లేబుళ్లు కూడా తీయలేదు. ఆమె కన్నడంలో ఒక్కొక్కరినీ అడిగింది, వాసన వచ్చేదా అని. పదకొండు మంది. పదకొండు మందీ నేల చూశారు. వాళ్లలో చిన్నది పింకి అయితే ఏడ్చింది గానీ నోరు విప్పలేదు. వాళ్లను తిట్టుకునే హక్కు నాకు లేదు, అయినా తిట్టుకున్నాను.

"మీరు రాసింది చెప్పేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగింది.

"లేరు మేడం," అన్నాను.

అప్పుడు గేటు వైపు దగ్గు వినిపించింది.

శ్రీశైల్ బండి మీద తీసుకొచ్చాడు. భాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హాలు గుమ్మం దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు. నవనాథ్ ఎదురు పోబోతే శ్రీశైల్ భుజం అడ్డం పెట్టాడు.

"నేను పెట్టిన సంతకం తప్పు మేడం," అంది భాగ్య. కన్నడంలో మొదలుపెట్టి, ఆయాసం వచ్చి తెలుగులోకి దిగింది. "నేను పడేదాక నెల దినాల సంది వాసనొచ్చింది. నేను కక్కుకున్న, అందరు చూసిన్రు. షెకినక్క నా మాస్కుకు సెంటు కొట్టింది. ఆ దినం ఆమెకు వాసనొస్తున్నా నాకు చెప్పలే. అది గూడ రాసుకోండ్రి. వదలకండ్రి." దగ్గు ఆగేదాకా అందరం నిలబడ్డాం. "కని ఆ వాసన ఆమె ఇంటికెల్లి తేలే. ఇక్కడిదే."

శ్రీశైల్ చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టింది తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. పాత జాయింటు గాస్కెట్, పైపుల నడుమ బిగించే రబ్బరు రింగు. సగం తిని వదిలిన రొట్టెలా ఉంది. ఐదో తారీఖు రాత్రి అతని చేతే మార్పించి, పారేయమన్నారట.

"పారెయ్యలే మేడం," అన్నాడు. "ఆ దినమే ఎందుకియ్యలే అని అడుగుతరు. భయపడ్డ."

ఇన్‌స్పెక్టర్ అన్నీ రాసుకుంది. ఆ పదకొండు మందిలో ముగ్గురు అప్పుడు మాట్లాడారు.

భాగ్య నా పక్క నుంచే వెళ్లింది. నన్ను చూడలేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

హాలు మూసి నాలుగో రియాక్టర్‌కు సీలు వేశారు, పైపులన్నీ మార్చేదాకా. కేసు కలబురగిలో నడుస్తుందట. భాగ్య వైద్యం కంపెనీయే చేయించాలని ఉత్తర్వు వచ్చింది. నా సస్పెన్షన్ తీసేశారు. నాలుగో పేజీకి మాత్రం హెచ్చరిక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ కాగితంలో ఒక్క మాట అబద్ధం లేదు.

శ్రీశైల్ కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. ఇప్పుడు ఔరాద్ వైపు బోర్ల పనికి పోతున్నాడట. భాగ్య ఆ హాల్లోకి ఇక రాదు. ఫోను చేశాను. ఎత్తింది.

"ఏం?" అంది.

"ఎట్లున్నవ్?"

"మెట్లెక్కితే ఆయాసమొస్తాంది." దగ్గింది. "నాకింకా కోపం పోలేదక్కా. ఫోన్ చెయ్యకు."

చేయను.

సెప్టెంబరు 23, మంగళవారం

హాలు నిన్న తెరిచారు. భాగ్య చోట పింకిని వేశారు. మేనేజరును మార్చారు, నవనాథ్‌ను మార్చలేదు. నేను ఏమీ పూసుకోకుండా వెళ్లాను. రబ్బరు మాస్కు పెట్టుకుంటే ఆ రబ్బరు వాసన తప్ప ఏదీ తెలియదు, అందుకని గంటకోసారి గుమ్మం దగ్గరికి పోయి తీసి పీలుస్తున్నాను. నవనాథ్ అది చూసి పళ్లు నూరుతున్నాడు.

పదకొండూ పదికి పీలిస్తే ఏదో తగిలింది. చాలా కొంచెం. రెండో రియాక్టర్ వైపు నుంచి. నిజంగా వచ్చిందో, నా ముక్కే భయపడిందో తెలియదు. పింకి డ్రయ్యర్ అడుగుకు వంగి ఉంది.

ఎర్ర బటన్ నొక్కాను. లైను ఆగిపోయింది. "పింకీ, బయటికి! అందరు బయటికి నడువుండ్రి!"

నవనాథ్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు ఆపమన్నరు? ఏమైంది?"

"వాసనొస్తాంది."

"ఎంత? నాకొస్తలేదు! నీకెంతొస్తాంది?"

"వస్తాంది సార్. అంతే."

"ఏం లేకుంటె బాధ్యత ఎవరిది?"

"నాది."

పన్నెండు మందిమి షెడ్డు బయట వానలో నిలబడ్డాం. శ్రీశైల్ చోట వచ్చిన కొత్త ఫిట్టరు గ్యాసు కొలిచే మీటరు పట్టుకుని లోపలికి పోయాడు. నవనాథ్ అరుస్తూనే ఉన్నాడు, పైవాళ్లకు ఏం చెప్పాలని, ఇది నీ ఇల్లు అనుకున్నావా అని. పింకి నా చెయ్యి పట్టుకుని, "నిజంగ వచ్చిందా అక్కా?" అని అడిగింది.

"నాకు తెల్వది," అన్నాను. "లోపలికైతే పోవద్దు."

ఫిట్టరు ఇరవై నిమిషాల తర్వాత బయటికి వచ్చాడు. ఏమీ లేదన్నాడు.

రేపు మళ్లీ వస్తే మళ్లీ ఆపుతాను.